గేటు బయట మంచం

శ్రీపతిని ఫుట్‌పాత్ మీద చంపింది మీరు. రోగం కాదు, వయసు కాదు, మీరే. నిన్న సాయంత్రం చిక్కడపల్లి భజన మందిరంలో ఆయన ఫొటోకు దండ వేసి, చెప్పులు ఎక్కడ విడిచామా అని వెతుక్కుంటూ పోయిన పెద్దమనుషులు మీరే. నారాయణగూడలో, అశోక్‌నగర్‌లో అంతస్తు మీద అంతస్తు లేపి, మెట్ల కింది సందును కూడా వదలకుండా మనిషిని నింపి, ఆ మనిషి చచ్చే వేళకు బయటికి పొమ్మనే ఓనర్లు మీరే. మైకులో పుణ్యాత్ముడన్నారు. ఆ పుణ్యాత్ముడు ఇంట్లో ఎందుకు పోలేదో ఒక్కరూ అనలేదు. అందుకే చెప్పాల్సి వస్తోంది. కూర్చుని వినండి.

అంబులెన్స్ నారాయణగూడ సందులోకి వెనక్కి వచ్చి ఆగింది. ముందు రేణుక దిగింది. ఆమె శ్రీపతి కోడలు. ఆస్పత్రి బెంచీల మీద పడుకుని మెడ పట్టేసి, తల ఒక వైపుకే తిరుగుతోంది. తిరగని వైపు ఇంటి ఓనరు ఫణికిరణ్ నిలబడి ఉన్నాడు. గేటు మూసి ఉంది.

"ఎట్లున్నడక్కా పెద్దనాయిన?"

"ఇంటికి తీస్కపొమ్మన్నరు తమ్మి. ఇంక మందులు పనిచెయ్యవన్నరు. జర గేటు తియ్యి."

అతను తియ్యలేదు. గొళ్లెం మీద చెయ్యి పెట్టి అంబులెన్స్‌లోకి తొంగి చూశాడు. లోపల శ్రీపతి కళ్లు మూసుకుని ఉన్నాడు. నుదుటి మీద నామం ఉంది. ఆస్పత్రిలో కూడా పొద్దున్నే పెట్టించుకున్నాడు. ఆయన పక్కన కొడుకు ప్రేమ్‌సాగర్ సెలైన్ సంచీ పట్టుకున్నట్టే చెయ్యి పైకెత్తి కూర్చున్నాడు. సెలైన్ ఎప్పుడో తీసేశారు.

"తప్పుగ అనుకోకు అక్కా. పంచకం నడుస్తున్నది."

ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా చంద్రుడు తిరిగే ఆ కొద్ది రోజుల్లో ఇంట్లో మనిషి పోతే, ఇల్లు ఆర్నెల్లు ఖాళీ చేసి తాళం పెట్టాలని నమ్మకం. నమ్మేవాళ్లు నమ్ముతారు. కిరాయి ఇళ్ల ఓనర్లకు పంచకం లేకపోయినా ఇష్టం లేదు, కిరాయిదారు శవం గడప లోపల ఉండకూడదు. పంచకం ఉంటే ఆ మాట చెప్పడానికి నోరు కొంచెం సులువుగా తిరుగుతుంది, అంతే.

"పైన హాస్టల్ల ఆడపిల్లలున్నరు. ఆదివారం గ్రూప్స్ పరీక్ష. ఏమన్నా అయితే ఇల్లు మొత్తం మూయాలె. వాళ్లను ఏడికి పంపాలె? నువ్వే చెప్పు."

"ఏం కాలే గద ఇంక. మనిషి ఊపిరి తీస్తున్నడు."

"కాదంటున్ననా? కానీ ఈ లెక్క నాకు నేర్పిందెవరక్కా? మా నాయిన పోయిననాడు పంచాంగం తెరిచి, ఇయ్యాల పంచకం లేదు, ధైర్యంగ ఇంట్ల పండబెట్టుకోరి అన్నదెవరు? పెద్దనాయినే గద."

అది నిజమే. ఈ చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి పోయినా ముందు ఫోన్ శ్రీపతికే. పూజ మధ్యలో ఉన్నా హారతి పళ్లెం దించి, గుడ్డ సంచీలో సుతిలి తాడు ఉండ వేసుకుని బయల్దేరేవాడు. నక్షత్రం చూసేవాడు. వెదురు తెప్పించి తన చేత్తో పాడె కట్టేవాడు. పోయినవాళ్లది ఏ కులమో అడగడం ఆమె ఎన్నడూ వినలేదు.

రేణుక గొళ్లెం మీదున్న అతని చేతి మీద తన చెయ్యి వేసింది. ఫణికిరణ్ ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. గేటు తెరుచుకుంది.

"తీస్కపోరిలే. నేనేమన్నా అంటినా?" అన్నాడు. "మీరే చూస్కోరి మరి."

గేటు పక్కన పెంటమ్మ ఇస్త్రీ బండి ఉంది. బొగ్గుల పెట్టెను ఇటుక మీద నిలబెట్టి వచ్చి ఆమె స్ట్రెచర్ కాళ్ల వైపు పట్టుకుంది. ఆమె పెనిమిటి ముత్యాలు కూడా అదే ఆస్పత్రిలో, పక్క వార్డులో ఉన్నాడు. అశోక్‌నగర్‌లో ఇదే ఫణికిరణ్‌కు ఉన్న ఇంకో ఇంట్లో, మెట్ల కింది గదిలో వాళ్ల కాపురం.

"ముత్యాలు ఎట్లున్నడే?"

"ఉన్నడక్కా," అంది పెంటమ్మ. "పొద్దుగాల పొయ్యి జావ తాగిచ్చిన. ఉప్పు తక్కువైందని తిట్టిండు. తిడుతున్నడంటే ఉన్నట్టే గద."

మంచం ముందు గదిలో, వీధి కిటికీ కింద వేశారు. అక్కడి నుంచి పూజ మూల కనిపిస్తుంది. శ్రీపతి భార్య రాజకుమారికి మోకాళ్లు వంగవు. ప్లాస్టిక్ కుర్చీని కొంచెం కొంచెం జరుపుకుంటూ మంచం దాకా వచ్చింది. ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"ఆస్పత్రి తిండి బాగ పట్టినట్టున్నది నీకు. ఇంటి యాదే లేదు."

శ్రీపతి పెదవులు కదిలాయి. "నీ చారు... కంటె... నయం."

"ఇగో, పోయెటోనికి కూడ నా చారే దొరికింది," అని ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

రేణుకకు కూర్చునే పని లేదు. పక్కకు తిప్పి వీపు తుడవాలి, పౌడర్ రాయాలి, కింది దుప్పటి ముడతలు లేకుండా లాగాలి. తులసి నీళ్లలో దూది ముంచి పెదవులు తడపాలి. చెంచాతో పోస్తే గొంతులో గురగురమంటోంది. దూది అయితే ఆయన చిన్నగా చప్పరిస్తున్నాడు. ఈ మనిషి ఎందరి నోట్లో ఆఖరి నీళ్లు పోయించాడో అనుకుంది. పోసేటప్పుడు తల కొంచెం పక్కకు తిప్పాలని ఆమెకు చెప్పింది కూడా ఆయనే.

"ఇయ్యాల ఏం నక్షత్రంరా?" అన్నాడు సాయంత్రం.

ప్రేమ్‌సాగర్ గోడ క్యాలెండర్ వైపు చూడలేదు. "రోహిణి బాపు."

శ్రీపతి క్యాలెండర్ వైపు కళ్లు తిప్పాడు. "నీకు... అబద్ధం రాదుర."

పై అంతస్తు నుంచి సరిత దిగి వచ్చింది. దేవరకొండ పక్క ఊరి పిల్ల. రెండోసారి గ్రూప్స్ రాస్తోంది. పరీక్ష రోజు శ్రీపతి గేటు దగ్గర స్టీలు గిన్నెతో నిలబడి, దిగి వచ్చే ప్రతి పిల్ల నోట్లో చెంచాడు పెరుగు చక్కెర పెట్టి పంపేవాడు. ఎవరైనా ఆలస్యంగా లేస్తే గిన్నె పట్టుకుని సందు చివరి దాకా వెంటపడేవాడు.

"తాతా, ఆదివారం మాకు పెరుగు చక్కెర ఎవరు పెట్టాలె? జల్ది లెవ్వు."

ఆయన బొటనవేలు దుప్పటి మీద కొద్దిగా లేచింది. సరిత నవ్వబోయి, గబగబా మెట్ల వైపు వెళ్లిపోయింది. మెట్లు కిటికీ పక్కనే. అక్కడ ఇంకో పిల్ల గొంతు వినపడింది.

"పాపమేనే, నాకూ ఏడుపొస్తున్నది. కానీ ఈ రెండు రోజుల్ల అయితే మన బ్యాగులు రోడ్డు మీదనే అన్నడు అంకుల్. అశోక్‌నగర్ల ఇప్పుడు ఏ హాస్టల్ల మంచం దొరుకుతది? చదివిందంతా పోతది."

"నోరు మూస్కో. కిటికీ తెరిచున్నది."

రేణుక కిటికీ మూసింది. తిరిగి చూస్తే శ్రీపతి కళ్లు తెరిచి కప్పు వైపు చూస్తున్నాడు. కప్పు మీద పిల్లలు కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

తెల్లారి ఆమె తలకు కొంగు చుట్టుకుని పైకి పోయింది. పిల్లలు పుస్తకాల మధ్య కూర్చుని టిఫిన్ తింటున్నారు. రేణుక గడప దగ్గరే నిలబడింది.

"నేను బతిమాలనీకి రాలే. ఒక్కటే అడుగుత. మా మామయ్యను ఇంట్ల ఉండనిస్తరా, లేదా?"

సరిత చెయ్యి కడుక్కుని లేచింది. "నడువక్కా, అంకుల్ దగ్గరికి పోదాం."

అందరూ దిగారు. ఎదురు సందులో ఫణికిరణ్ ఇల్లు. అతను బ్రష్ నోట్లో పెట్టుకుని బయటికి వచ్చాడు. నిన్న సాయంత్రం మెట్ల మీద బ్యాగుల గురించి భయపడ్డ పిల్లే ముందు మాట్లాడింది.

"అంకుల్, మేం పోం. మీరు ఇల్లు మూస్తే మేం లోపలనే ఉంటం. తాళం బయటికెల్లి ఏస్కోరి."

"దోషం తగిలితే?"

"మాకు తగిలే దోషం ఇంకా ఏం మిగిలింది అంకుల్? ఇన్నేండ్లకెల్లి చదువుతున్నం, నోటిఫికేషన్ వస్తది, ఆగిపోతది. దానికంటె పెద్దదా?"

ఇంకో పిల్ల అంది. "పేపర్ల మూఢనమ్మకాల మీద వ్యాసం వస్తే మీ అడ్రసే రాస్త అంకుల్."

పిల్లలు నవ్వారు. ఫణికిరణ్ ఉమ్మేసి వచ్చాడు. ఇంతమంది ఆడపిల్లలను ఒకసారి చూసి మూతి తుడుచుకున్నాడు.

"సరే, మీ ఇష్టం. ఉండనియ్యి అక్కా. ఎన్కకెల్లి మాత్రం నన్ను అనొద్దు."

రేణుకకు మెడ నొప్పి తెలియలేదు. గెలిచింది. పాలబూతు దగ్గర ఆగి పెరుగు తీసుకుంది. ఆదివారానికి ఆయన ఉంటే ఆయన చేతికే గిన్నె ఇవ్వాలి, పక్కన తాను పట్టుకోవాలి. అలా అనుకుంటూ సందు మలుపు తిరిగింది.

మంచం గేటు బయట ఉంది.

ఫుట్‌పాత్ మీద, కరెంటు స్తంభానికీ గేటుకూ మధ్య. పెంటమ్మ ఇస్త్రీ బండిని వెనక్కి నెట్టి చోటు చేసింది. ప్రేమ్‌సాగర్ స్టూలు ఎక్కి నీలం టార్పాలిన్ పట్ట కడుతున్నాడు. ఒక మూల కడితే ఇంకో మూల ఊడి, ఆయన కాళ్ల మీద ఎండ పడుతోంది.

"ఎవడు తెచ్చిండు బయటికి? మళ్ల వచ్చిండా వాడు?"

"ఎవ్వరు రాలే." ప్రేమ్‌సాగర్ స్టూలు దిగలేదు. "బాపే అడిగిండు."

"అడిగితే? రేపు బాయిల పడేయమంటే పడేస్తవా?"

"చేతులు పట్టుకున్నడు రేణుకా. నన్ను ఎన్నడు ఏం అడిగిండు బాపు? ఇదొక్కటే అడిగిండు."

ఆమె పెరుగు ప్యాకెట్ చేతిలో ఉండగానే మంచం మీదికి వంగింది.

"మామయ్యా, ఫణికిరణ్ ఒప్పుకున్నడు. పిల్లలు గట్టిగ నిలబడ్డరు. లోపలికి పోదాం."

"పిల్లలు... తెల్వక అంటరు బిడ్డా." ఊపిరి కోసం ఆగాడు. "వాడు ఇయ్యాల ఒప్పుకుంటడు. నేను పోయినంక... తాళమేస్తడు."

"ఎట్ల ఏస్తడు? నేను లేనా?"

"నేనే ఏపిచ్చిన. శానా ఇండ్లకు." ఆయన గొంతులో బాధ లేదు. లెక్క చెబుతున్నట్టుంది. "ఏడ్సుకుంట... సామాను సర్దుకున్నరు. నా మాట మీద. ఇప్పుడు నాకొక్కనికి... లేదంటె ఎట్ల?"

రేణుకకు ఎవరినో ఒకరిని కొట్టాలనిపించింది. ఫణికిరణ్ ఇక్కడ లేడు. పంచాంగాన్ని కొట్టలేదు. మంచం మీదున్న మనిషి ఎనభై దాటిన ప్రాణం. తను జీవితమంతా నమ్మినదాని కింద తల పెట్టి పడుకున్నాడు. ఆయన్ని ఎత్తి లోపల వెయ్యడానికి నలుగురు చాలు. కానీ ఆయన వద్దంటే ఎలా ఎత్తాలో ఆమెకు తెలియదు. ప్యాకెట్ పిగిలి పెరుగు మోచేతి దాకా కారింది.

పట్ట మళ్లీ ఊడింది. శ్రీపతి కళ్లు దానివైపు తిరిగాయి. కుడిచెయ్యి దుప్పటి మీద కదిలింది. చూపుడువేలికి లేని తాడు చుట్టి, బొటనవేలితో నొక్కి, కింది నుంచి తీశాడు. మళ్లీ అదే. ప్రేమ్‌సాగర్ స్టూలు మీద వంగి చూశాడు.

"జారుముడి," అన్నాడు శ్రీపతి. "ఒక్క గుంజుడుకు... ఊడాలె. ఆడ... ఏడ్సెటోళ్ల చేతులు వణుకుతయి."

టార్పాలిన్‌కు జారుముడి ఎందుకు? ప్రేమ్‌సాగర్‌కు కాసేపటికి అర్థమైంది. నాన్న నేర్పుతున్నది పట్ట కట్టడం కాదు. అతను తాడు అక్కడే వదిలేసి స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ముక్కు చీది, ఆ ముడే వేశాడు. పట్ట నిలిచింది.

ఆ మధ్యాహ్నమంతా బండ్లు పోతూనే ఉన్నాయి. హారన్ కొట్టి, మంచం చూసి, కొంచెం నెమ్మదించి పోయేవాళ్లు. పార్సిల్ తెచ్చిన పిల్లవాడు బండి ఆపి ఏదో హాస్టల్ అడ్రస్ అడిగాడు. ప్రేమ్‌సాగర్ తెలియదన్నాడు. దుప్పటి మీది వేలు ఎడమకు తిరిగింది. పార్సిల్ పిల్లవాడు ఆ వేలు చూపిన వైపే పోయాడు.

లోపల కిటికీ దగ్గర రాజకుమారి కుర్చీ. గడప మెట్లు ఆమె దిగలేదు. ఊచల సందు నుంచి చెయ్యి బయటికి చాపింది. చెయ్యి ప్రహరీ గోడ దాకా కూడా రాలేదు. అలాగే చాపి ఉంచింది.

"నీళ్లు పొయ్యి రేణుకా. పెదవులు ఎండినయి, నాకు ఈడికే కనవడుతున్నయి."

రేణుక దూది పక్కన పెట్టి చెంచా తీసుకుంది. ఆయన తల కొంచెం పక్కకు తిప్పి పోసింది. నీళ్లు చెంప మీదుగా దిండులోకి పోయాయి. తులసాకు పెదవి చివర ఆగింది.

"తాగిండా?"

రేణుక ఆకు తీసి కొంగులో పెట్టుకుంది. "తాగిండు అత్తమ్మా."

కబురు తెలియగానే ఫణికిరణ్ పరుగున వచ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఐసు పెట్టె, కుర్చీలు, నీళ్ల సీసాలు అన్నీ తెప్పించాడు, అన్నీ గేటు బయటే. నాలుగు చీరలు అడ్డం పట్టి ఆయనకు రోడ్డు మీదే స్నానం చేయించారు. రాజకుమారిని కుర్చీతో సహా మోసుకొచ్చి దించితే, ఆమె ముందు భర్త కాళ్ల మీది ఎండను చూసి, కొంగు కప్పింది. పాడె ప్రేమ్‌సాగర్ కట్టాడు. కాటి దగ్గర ఒక్క గుంజుడుకు అన్ని ముడులూ ఊడాయి.

ఆదివారం రేణుక గేటు దగ్గర గిన్నెతో నిలబడింది. సరిత ముందుగా దిగింది.

"మైలల ఉన్నం బిడ్డా. తింటవో తినవో."

సరిత నోరు తెరిచింది. వెనక ఉన్న పిల్లలూ వరసగా వచ్చి తెరిచారు. మింగి, హాల్ టికెట్లు చూసుకుంటూ పోయారు.

కర్మలన్నీ అయ్యాయి. నిన్న మీరు సభ పెట్టారు. వేదిక మీద శ్రీపతి ఫొటో, దాని పక్కన అంతకంటే పెద్ద ఫ్లెక్సీలో ఫణికిరణ్ దండం పెడుతున్నాడు. రేణుక మొదటి వరసలో కూర్చుంది. పక్కన ప్రేమ్‌సాగర్.

"పెద్దనాయిన పోయేటప్పుడు కూడ ఎవ్వర్ని ఇబ్బంది పెట్టలే," అన్నాడు ఫణికిరణ్ మైకులో. "మనం అడగకముందే తనంతల తను బయటికొచ్చిండు. ఇల్లు కాపాడిండు. గిట్లాంటి కిరాయిదారు దొరుకుతడా? ఆయన కన్ను మూసిన జాగలనే ఆయన పేరు మీద చలివేంద్రం పెడ్తున్న."

చప్పట్లు కొట్టారు. ఆయన మంచితనం మీకు ఎంత సౌకర్యంగా ఉందో ఆ చప్పట్లలో వినపడింది.

వెనక నుంచి ఎవరో రేణుక కొంగు లాగారు. పెంటమ్మ. ఆస్పత్రి నుంచి సరాసరి వచ్చింది.

"అక్కా, ఆ నీలం పట్ట ఉన్నదా? జర ఇస్తవా?"

"ఏం జేస్తవు?"

"ముత్యాలును రేపు తీస్కపొమ్మన్నరు. వార్డుల ఇంకేం లేదంట. నేను ఆస్పత్రిల ఉంటె ఓనరు రూముకు తాళమేసిండు. సీదా ఊరికి తోల్కపో అంటున్నడు. ఊర్ల నాకెవరున్నరు? పెద్దాయన లెక్కనే గేటు బయట పండబెడ్త. పట్ట ఉంటె నీడైతది."

"పంచకం ఉన్నదన్నడా?"

"పంచకం ఎన్నడో పాయె కదక్కా. ఉత్తగనే."

పట్ట ఇంట్లో బీరువా మీద ఉంది. ప్రేమ్‌సాగర్ మడతపెట్టి, పైన సుతిలి ఉండ పెట్టాడు. నాన్న తర్వాత ఎవరో ఒకరు అడుగుతారని అతనికి తెలుసు. ఇవ్వడం పుణ్యమే. శ్రీపతి ఉంటే ఈపాటికి తీసుకుని బయల్దేరేవాడు, అశోక్‌నగర్ దాకా నడిచిపోయి నాలుగు మూలలూ కట్టి వచ్చేవాడు.

"ఇయ్య," అంది రేణుక.

పెంటమ్మ ముఖం చిన్నబోయింది. రేణుక లేచి వేదిక ఎక్కింది. మైకు అందుకోలేదు. మెడ ఇంకా తిరగడం లేదు కాబట్టి మనిషే మొత్తంగా ఫణికిరణ్ వైపు తిరిగింది.

"మా మామయ్య తనంతల తనే వచ్చిండని చెప్తున్నవు. నీ గొళ్లెం మీద నీ చెయ్యి నేను చూసిన తమ్మి. ఆయన చేసిన తప్పు ఒక్కటే, మీ మాట కూడ తన మాటే అనుకున్నడు. ముత్యాలు అనుకుంటలేడు. ఆయన ఇంటికి పోత అంటున్నడు. తాళంచెవి ఇటియ్యి."

"అక్కా, ఇది టైమా? సభల..."

"తాళంచెవి."

అతని చెయ్యి జేబు మీదికి పోయింది, అక్కడే ఆగింది. "ప్రసాదం పంచుండ్రి," అన్నారు వెనక నుంచి ఎవరో. "ఆడమనిషి, దుఃఖంల ఉన్నది, పోనీరి," అన్నారు ఇంకొకరు. ప్రేమ్‌సాగర్ లేచి వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. మీరు పులిహోర పొట్లాలు తీసుకుని, చాచిన ఆమె చేతిని తప్పించుకుంటూ, చెప్పుల దగ్గరికి పోయారు. ఫణికిరణ్ మీ మధ్యలో కలిసి పోయాడు.

ఇవాళ ముత్యాలును తెస్తున్నారు. ప్రేమ్‌సాగర్ ఆస్పత్రికి పోయాడు. సరిత, పిల్లలు అశోక్‌నగర్‌లో ఆ మెట్ల దగ్గర కూర్చున్నారు. పెంటమ్మ ఇస్త్రీ బండి మూసేసింది. పట్ట బీరువా మీదే ఉంది, అది దిగదు. మీ చలివేంద్రం కిరాయి ఇళ్లలో బతికే మాకొద్దు. ఆయన పేరు మీ నోట వద్దు. అంబులెన్స్ వచ్చేలోగా ఆ గది తాళం తియ్యండి. జేబులో తాళంచెవి ఉన్నవాడు మీ పక్కింట్లోనే ఉన్నాడు, చెయ్యి పట్టుకుని తీసుకురండి. కిరాయికి ఇచ్చిన ఇంట్లో మనిషిని చావనివ్వండి.